ఆన్‌లైన్ రమ్మీ నేర్చుకుని నెలకు పదివేలు సంపాదించవచ్చా?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీరు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నారు. సంక్రాంతి సెలవుల్లో ఇంటి పెద్దలతో రమ్మీ ఆడిన అలవాటు ఉంది. ఫోనులో డబ్బుకు ఆడి ప్రతి నెలా సంపాదిస్తున్నానని ఒక స్నేహితుడు మీకు చెప్పాడు. పాత యాప్‌లు ఆగిపోవడంతో టెలిగ్రామ్‌లో ఒక ఏపీకే ఫైలు (అధికారిక స్టోరుతో పని లేకుండా యాప్‌ను ఫోనులో ఎక్కించే ఫైలు) కూడా పంపాడు. ఎన్ని నెలలు నేర్చుకుంటే నెలకు పదివేలు అదనంగా వస్తాయి, నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి అని మీరు అడుగుతున్నారు.

ముందుగా సమాధానం చెప్పి, తరువాత కారణాలు చెబుతాను. రమ్మీ తప్పక నేర్చుకోండి, కానీ ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడకండి. ఆ ఏపీకే ఫైలును ఫోనులో ఎక్కించకండి. "ఎన్ని నెలలకు" అన్న ప్రశ్నకు సమాధానం లేకపోవడానికి కారణం మీ తెలివితేటలు కావు, ఆ బల్ల మీద డబ్బు తిరిగే పద్ధతి. నేను డిగ్రీ కళాశాలలో స్టాటిస్టిక్స్ బోధించి పదవీ విరమణ చేశాను. సంభావ్యత పాఠాన్ని పేక ముక్కలతోనే మొదలుపెట్టేవాణ్ణి, రమ్మీ చిన్ననాటి నుంచి ఆడుతున్నాను. ఈ ఆట మీద నాకున్న ఇష్టం వల్లనే ఇంత వివరంగా రాస్తున్నాను.

చట్టం సంగతి. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే తన గేమింగ్ చట్టాన్ని సవరించి, నైపుణ్యంతో కూడిన ఆటలకు అంతవరకు ఉన్న మినహాయింపును తీసివేసి, ఆన్‌లైన్ పందేలను కూడా నిషేధం కిందికి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. అక్కడి సవరణలో ఆట నిర్వహించేవారితో పాటు ఆడేవారికి కూడా ఆరు నెలల వరకు జైలు శిక్ష ఉంది. ఆ తరువాత 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టాన్ని ఆమోదించింది, ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం పడింది. డబ్బు కట్టి డబ్బు ఆశించి ఆడే ఏ ఆన్‌లైన్ ఆటనైనా, అది నైపుణ్యమా అదృష్టమా అన్న విచారణ లేకుండా, ఆ చట్టం నిషేధిస్తుంది. అటువంటి ఆటను అందించేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ప్రచారం చేసేవారికి రెండేళ్లు, యాభై లక్షల వరకు ఉంది. కేంద్ర చట్టంలో ఆడిన మనిషికి శిక్ష లేదన్న మాట నిజమే, కానీ దాన్ని పట్టుకుని ధైర్యం తెచ్చుకునే ముందు మన రెండు రాష్ట్రాల చట్టాలు విడిగా ఉన్నాయని గుర్తుంచుకోవాలి. పేరున్న రమ్మీ సంస్థలు ఆ ఆగస్టులోనే డబ్బు ఆటలు ఆపేశాయి. కొన్ని సంస్థలు న్యాయస్థానాలకు వెళ్లాయి, వేర్వేరు హైకోర్టుల్లోని ఆ పిటిషన్లను సుప్రీంకోర్టు సెప్టెంబరులో తన దగ్గరికి బదిలీ చేసుకుంది.

ఇక్కడ చాలామంది ఒక వాదన తెస్తారు, బహుశా మీ స్నేహితుడూ తెచ్చి ఉంటాడు: "రమ్మీ నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది." నిజమే, చెప్పింది. ఆ కేసు మన దగ్గరిదే. సికింద్రాబాదులోని ఒక రిక్రియేషన్ క్లబ్బు మీద నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ సత్యనారాయణ కేసులో తీర్పు 1967 నవంబరులో వచ్చింది, న్యాయ నివేదికల్లో 1968 నాటిదిగా ప్రసిద్ధమైంది. పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకోవాలి, ఏ ముక్క ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదని, అందులో ప్రధానంగా ఉన్నది నైపుణ్యమేనని న్యాయస్థానం చెప్పింది. అయితే అదే తీర్పులో మరో మాట ఉంది, దాన్ని నేను ఏ ప్రకటనలోనూ చూడలేదు. పందెం కాసి ఆడే ఆట నుంచి ఆ ఇంటి యజమానో క్లబ్బో లాభం తీసుకుంటున్నట్లు రుజువైతే అప్పుడు నేరం నిలబడవచ్చని న్యాయమూర్తులు స్పష్టంగా రాశారు. చట్టం దృష్టిలో దాని బరువెంత అన్నది న్యాయవాదులు తేల్చాలి. లెక్కల మనిషిగా నాకు మాత్రం ఆ వాక్యం చాలా విలువైనదిగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆటలో నైపుణ్యం ఎంత ఉన్నా బల్ల వేసినవాడు ప్రతి ఆటలో కొంత తీసుకోవడం మొదలుపెట్టగానే ఆ ఆట స్వభావమే మారిపోతుంది. మీ పదివేల ఆశకు అసలు సమాధానం అక్కడే ఉంది కాబట్టి ఆ లెక్క నిదానంగా చూద్దాం.

ఇద్దరు సమానమైన ఆటగాళ్లు చెరి వంద రూపాయలు పెట్టి ఆడారనుకోండి. ఇంట్లో అయితే గెలిచినవారికి రెండు వందలు వస్తాయి, వంద ఆటలు ఆడితే ఇద్దరూ ఇంచుమించు ఎక్కడ మొదలుపెట్టారో అక్కడే ఉంటారు. యాప్‌లో అలా కాదు. నిర్వాహకులు మొత్తం మీద సాధారణంగా పది నుంచి పదిహేను శాతం వరకు తమ రుసుముగా తీసుకునేవారు. పన్నెండు శాతం అనుకుందాం. అప్పుడు గెలిచినవారి చేతికి 176 రూపాయలు వస్తాయి. అంటే గెలిస్తే 76 లాభం, ఓడితే 100 నష్టం. ఈ బల్ల మీద లాభం సంగతి అటుంచి, నష్టం లేకుండా నిలబడాలంటేనే వందకు దాదాపు 57 ఆటలు గెలవాలి. మీతో సమానమైన వాళ్ల మీద 57 గెలవడం అంటే వాళ్లకంటే కొంచెం బాగా ఆడటం కాదు, స్పష్టంగా మెరుగ్గా ఆడటం. అలా స్పష్టంగా మెరుగైన ఆటగాడు తక్కువ పందెం బల్ల దగ్గర ఆగడు, పై బల్లకు వెళతాడు, అక్కడ మళ్లీ తనతో సమానులే ఎదురవుతారు. అందుకే నైపుణ్యం పెరిగే కొద్దీ ఆదాయం పెరుగుతుందన్న ఊహ ఇక్కడ పనిచేయదు. మీరు ఎంత నేర్చుకున్నా, ఎదుటివారికి మీకు ఉన్న తేడాకే డబ్బు వస్తుంది. ఆ తేడా రుసుమును మించి ఉంటేనే మీకు మిగులుతుంది.

దీనికి తోడు పన్నులు. 2023 అక్టోబరు 1 నుంచి ఆటగాడు జమ చేసిన మొత్తం మీద 28 శాతం జీఎస్‌టీ వచ్చింది. వంద రూపాయలు వేస్తే అందులో ఆటకు మిగిలేది 78 రూపాయల చిల్లరే. చాలా సంస్థలు ఆ తేడాను బోనసు రూపంలో పూడ్చి ఆటగాడి కంటికి కనిపించకుండా చేశాయి. అదే ఏడాది ఏప్రిల్ నుంచి నికర గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను కూడా ఉంది. ఒక ఏడాది పోగొట్టుకున్న సొమ్మును జీతంలో నుంచో, మరుసటి ఏడాది గెలుపులో నుంచో తగ్గించుకునే వీలు లేదు.

వేగం కూడా లెక్కలోకి వస్తుంది. ఇంట్లో పేక కలిపి, పంచి, కబుర్లు చెప్పుకుంటూ ఆడే ఆటకు పది నిమిషాలు పడుతుంది. ఫోనులో ఒక ఆట నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. పై ఉదాహరణలో సమానమైన ఆటగాడికి ప్రతి ఆటకు సగటున పన్నెండు రూపాయలు రుసుము రూపంలో పోతాయి. గంటకు పదిహేను ఆటలు అనుకుంటే గంటకు నూటఎనభై రూపాయలు, గెలుపోటములు సరిసమానంగా ఉన్నా.

ఇప్పుడు మీ స్నేహితుడి సంగతి. అతడు అబద్ధం చెబుతున్నాడని నేను అనను. కానీ సమాన నైపుణ్యం ఉన్న పదిమంది తలా వంద ఆటలు ఆడితే, వాళ్లలో సుమారు ఒకరు కేవలం ముక్కల కలిసిరాక వల్ల 57 లేదా అంతకంటే ఎక్కువ ఆటలు గెలుస్తారు. తరగతిలో నాణేలు ఎగరవేయించి నేను ఏటా ఇది చూపించేవాణ్ణి. ఆ ఒక్కరికి తన గెలుపు నైపుణ్యంలాగే కనిపిస్తుంది. ఆయన చెప్పే మాటలో మోసం ఉండదు, కానీ మిగతా తొమ్మిదిమంది మీకు ఫోను చేసి తమ సంగతి చెప్పరు. స్నేహితుడి మాటను నమ్మాలో లేదో తేల్చుకోవడానికి ఒకటే మార్గం: ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటులో యాప్‌కు వెళ్లిన సొమ్ము ఒక వరుసలో, యాప్ నుంచి వచ్చిన సొమ్ము మరో వరుసలో రాయించండి. యాప్‌లో కనిపించే గెలుపుల పట్టిక దీనికి పనికిరాదు.

నా పూర్వ విద్యార్థి ఒకరు, అప్పట్లో డబ్బు ఆట నడుస్తున్న రాష్ట్రంలో ఉద్యోగం చేస్తూ, సరిగ్గా ఈ లెక్క వేయడానికి నా దగ్గరికి వచ్చారు. ఆయన నిజంగా మంచి ఆటగాడు. ఆడిన ఆటల్లో గెలిచినవే ఎక్కువ, అయినా ఏడాది చివరికి ఖాతాలో లోటు తేలింది. కారణం వెతకడానికి తేదీల వారీగా విడగొట్టి చూశాం. గెలిచిన రాత్రుల్లో ఆయన చిన్న బల్ల దగ్గర ఆడి, త్వరగా లేచి వెళ్లిపోయారు. ఓడిన రాత్రుల్లో పోయింది రాబట్టుకోవాలని పాయింటు విలువ ఎక్కువ ఉన్న బల్లకు మారారు. అక్కడ కూర్చున్నవారు ఆయన కంటే బలమైనవారు, పైగా అప్పటికి అర్ధరాత్రి దాటి ఆయన అలసిపోయి ఉన్నారు. ఆట నైపుణ్యం వేరు, ఎప్పుడు లేవాలో తెలిసిన నిగ్రహం వేరు. రెండోది పుస్తకం చదివితే వచ్చేది కాదు. నిజంగా నిలకడగా సంపాదించినవారు ఒకరిద్దరు నాకు తెలుసు. వాళ్లు రోజుకు ఇన్ని గంటలని కూర్చుని, ప్రతి ఆటను రాసుకుని, చేతిలో ఉన్న సొమ్ములో చాలా చిన్న భాగానికి మించి ఏ బల్ల దగ్గరా పెట్టకుండా, దాన్ని పూర్తి ఉద్యోగంలా చేశారు. సాయంత్రాలు సరదాగా ఆడి పదివేలు తెచ్చుకున్నవారిని నేను చూడలేదు. ఆ ఒకరిద్దరికి కూడా 2025 తరువాత ఆ దారి మూసుకుపోయింది.

డబ్బు లెక్క ఇంతే. ఇక నేర్చుకోవడం గురించి చెబుతాను. రమ్మీలో మంచి ఆటగాడికి, మామూలు ఆటగాడికి తేడా ఎక్కడ వస్తుందో చాలామందికి తెలియదు, ఇంట్లో ఇరవై ఏళ్లు ఆడినవారికి కూడా.

పదమూడు ముక్కల రమ్మీ నియమాలు మీకు తెలుసు కాబట్టి వాటిని ఒక్క మాటలో దాటేస్తాను. కనీసం రెండు సీక్వెన్సులు, అంటే ఒకే రంగులో వరుసగా వచ్చే ముక్కల గుంపులు, ఉండాలి, వాటిలో ఒకటి జోకరు (ఏ ముక్కకైనా బదులుగా వాడే ముక్క) లేనిదై ఉండాలి. దాన్నే మన ఇళ్లలో ఫస్ట్ లైఫ్ అంటాం. అది లేకుండా ఓడితే చేతిలోని ముక్కలన్నీ లెక్కలోకి వచ్చి ఎనభై పాయింట్ల వరకు మీ మీద పడతాయి. కాబట్టి పంచిన ముక్కలు చేతికి రాగానే అడగాల్సిన ప్రశ్న "జోకర్లు ఎన్ని వచ్చాయి" అన్నది కాదు, "ఫస్ట్ లైఫ్ ఎంత దూరంలో ఉంది" అన్నది. మూడు జోకర్లు వచ్చాయని సంతోషపడి, ఫస్ట్ లైఫ్‌కు ఆధారమే లేని చేతిని ఆడి, ఎనభై కట్టుకునే ఆటగాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు.

ఆ దూరాన్ని కొలవడం నేర్చుకోవాలి. రెండు కట్టలతో ఆడేటప్పుడు మీ దగ్గర ఇస్పేటు 6, 7 ఉంటే ఇస్పేటు 5 రెండు, ఇస్పేటు 8 రెండు, మొత్తం నాలుగు ముక్కలు మీకు పనికొస్తాయి. ఇస్పేటు 6, 8 ఉంటే ఇస్పేటు 7 రెండే పనికొస్తాయి. అంటే నడుమ ఖాళీ ఉన్న జత విలువ సగమే. రాజు, రాణి కలిసి ఉంటే అదే రంగు జాకీ గానీ ఆసు గానీ సరిపోతుంది కాబట్టి మళ్లీ నాలుగు. ఆసు, రెండు ఉంటే మూడు ఒక్కటే పనికొస్తుంది కాబట్టి రెండు ముక్కలే, రాజు, ఆసు ఉన్నా అంతే. ఇస్పేటు 7, ఆఠీను 7 వంటి జతకు కళావరు 7 రెండు, డైమను 7 రెండు కలిపి నాలుగు ముక్కలు ఉంటాయి కానీ అవి ఫస్ట్ లైఫ్‌కు ఉపయోగపడవు. ఒకే రంగు ఒకే ముక్క రెండుసార్లు వస్తే, ఉదాహరణకు రెండు ఇస్పేటు 7లు, దాన్ని జతగా భావించి దాచుకోవడం కొత్తవారిలో నేను ఎక్కువగా చూసే అలవాటు. ట్రిప్లెట్‌లో, అంటే వేర్వేరు రంగుల ఒకే అంకె ముక్కల గుంపులో, ఒకే రంగు రెండుసార్లు చెల్లదు కాబట్టి ఆ రెండోది భారమే.

ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు నిజంగా వచ్చే అవకాశం ఎంత? ఆరుగురి బల్లలో రెండు కట్టలు, రెండు అచ్చు జోకర్లు కలిపి 106 ముక్కలు. ఆరుగురికి పదమూడేసి పంచితే 78 పోతాయి. ఆ ఆటకు జోకరుగా తెరిచిన ముక్క ఒకటి, అందరికీ కనిపించేలా తిప్పి పెట్టే ఓపెన్ ముక్క ఒకటి తీసేస్తే మూసిన కట్టలో మిగిలేది 26 మాత్రమే. అంటే ఆ కట్ట అయిపోయేలోపు ఒక్కొక్కరికి దక్కేది నాలుగు ముక్కలే. మీకు కనిపించని ముక్కలు 91. వాటిలో మీకు కావలసినవి నాలుగు అయితే, నాలుగుసార్లు ఎత్తినప్పుడు కనీసం ఒకటి తగిలే అవకాశం 17 శాతం దగ్గర ఉంటుంది, అంటే ఆరింటిలో ఒకసారి. అలాంటి జతలు రెండు ఉంటే అది 31 శాతానికి చేరుతుంది. మీకు ముందు ఆడేవారు పడేసే ముక్కల వల్ల ఇది కొంత పెరుగుతుంది, ఇతరులు అవే ముక్కలు చేతిలో పట్టుకుని కూర్చోవడం వల్ల పెరగాల్సినంత పెరగదు. ఏది ఏమైనా, "ఒక్క ముక్క వస్తే చాలు" అని మనం అనుకునే ఆ ఒక్క ముక్క మన మనసు చెప్పేదానికంటే చాలా దూరంలో ఉంటుంది.

దీని నుంచే డ్రాప్, అంటే ఆ ఆట నుంచి తప్పుకోవడం, ఎందుకో అర్థమవుతుంది. మొదటి వంతులోనే డ్రాప్ అయితే ఇరవై పాయింట్లు, ముక్క ఎత్తిన తరువాత మధ్యలో డ్రాప్ అయితే నలభై. మన వాళ్లలో డ్రాప్ చేయడాన్ని పిరికితనంగా చూసే అలవాటు ఉంది, పండుగ ఆటలో డ్రాప్ అంటే అందరూ నవ్వుతారు. లెక్క మాత్రం వేరు చెబుతుంది. ఇద్దరి ఆటలో గెలిస్తే సగటున ముప్ఫై పాయింట్లు వస్తాయి, ఓడితే సగటున నలభై పోతాయి అనుకుంటే, గెలిచే అవకాశం సుమారు 29 శాతం కంటే తక్కువగా ఉన్న ప్రతి చేతిలో ఇరవై ఇచ్చి తప్పుకోవడమే లాభం. ఆరుగురి బల్లలో గెలిచినప్పుడు వచ్చేది ఎక్కువే, కానీ గెలిచే అవకాశం కూడా ఆరుగురి మధ్య పంచుకుపోతుంది. నేను నేర్పేవారికి చెప్పే ఒరవడి ఇది: ఫస్ట్ లైఫ్ చేతిలోనే ఉంటే ఆడండి, లేకపోతే, నాలుగు ముక్కలకు తెరిచి ఉన్న జతలు కనీసం రెండు, వాటితో పాటు కనీసం ఒక జోకరు ఉంటే ఆడండి, అదీ లేకపోతే ఇరవై రాసుకుని తప్పుకోండి. దీనికి మినహాయింపులు ఉన్నాయి, అవి మీరు ఆడుతూ కనిపెడతారు.

అభ్యాసం ఇలా చేయండి. రెండు కట్టల అసలైన పేక కొనుక్కోండి. ఒంటరిగా కూర్చుని, బాగా కలిపి, పదమూడు ముక్కలు పంచుకుని, అర నిమిషంలో సర్దుకుని, ఆడాలా డ్రాప్ చేయాలా అన్నది నోటుపుస్తకంలో రాయండి, కారణం కూడా రాయండి. తరువాత కట్ట నుంచి నాలుగు ముక్కలు ఒక్కొక్కటిగా ఎత్తి, ప్రతిసారీ ఒకటి పడేస్తూ, చివరికి ఫస్ట్ లైఫ్ వచ్చిందా లేదా, చేతిలో ఎన్ని పాయింట్లు మిగిలాయి అన్నది చూడండి. మళ్లీ కలిపి, మళ్లీ పంచండి. ఎదురుగా ఎవరూ లేని ఈ విసుగు పుట్టించే పనే నిర్ణయశక్తిని పెంచుతుంది. నా దగ్గర నేర్చుకున్నవారిలో నిజంగా మెరుగుపడినవారందరూ దీన్ని ఓపికగా చేసినవారే. నేరుగా ఆటలోకి దిగినవారికి తమ నిర్ణయం మంచిదా, ముక్కలు కలిసొచ్చాయా అన్నది ఎప్పటికీ విడిగా తెలియదు.

రెండో మెట్టు ముక్క పడేయడం. దీన్ని నేను ముక్క ఎత్తడం కంటే ముఖ్యమైనదిగా భావిస్తాను. మీరు పడేసే ప్రతి ముక్కా మీ తరువాత ఆడేవారికి అవకాశమే కాబట్టి, ఆయన ఓపెన్‌లో నుంచి ఏది ఎత్తుకున్నారో, దాని పక్క ముక్కలు ఏవో మనసులో ఉండాలి. డైమను 9 ఎత్తుకున్న మనిషికి డైమను 8, 10, జాకీ ఇవ్వకూడదు, వేరే రంగు 9 కూడా ఆలోచించి ఇవ్వాలి. జోకరుకు దగ్గర ముక్కలు పడేయడం సాధారణంగా క్షేమం. ఏడు జోకరు అయితే ఏడులను అందరూ జోకర్లుగానే దాచుకుంటారు, సీక్వెన్సు మధ్యలో పెట్టరు, అందువల్ల ఆరు, ఎనిమిది ఎవరికీ అంతగా పనికిరావు. అదే కారణం చేత మీ చేతిలో ఆరు, ఎనిమిది ఉంటే వాటి మీద ఆశ పెట్టుకోకండి. రాజు, రాణి, జాకీ వంటి పది పాయింట్ల ముక్కలు ఒంటరిగా ఉంటే ముందుగా వెళ్లిపోవాలని అందరికీ తెలుసు. అందరికీ తెలుసు కాబట్టే, పక్కవాళ్లు పడేసే బొమ్మల కోసం జాకీ, రాణి జత పట్టుకుని రెండు వంతులు ఎదురుచూడటం ఒక్కోసారి లాభిస్తుంది. మూడో వంతుకు కూడా రాకపోతే వదిలేయాలి.

ఓపెన్ ముక్క ఎత్తడంలో పొదుపు పాటించండి. అది ఫస్ట్ లైఫ్‌ను పూర్తి చేస్తే సందేహం లేకుండా ఎత్తుకోండి. ట్రిప్లెట్ కోసమో, జోకరుతో కలిసే రెండో సీక్వెన్సు కోసమో ఎత్తితే, మీ చేతిని ఎదుటివారికి సగం చూపించినట్లే.

జ్ఞాపకం విషయంలో ఒక సలహా. పడిన ముక్కలన్నీ గుర్తుపెట్టుకోవాలని కొత్తవారు ప్రయత్నించి రెండో రోజే విసిగిపోతారు. మొదట్లో మీ ఫస్ట్ లైఫ్ ఏ రంగులో ఉందో ఆ ఒక్క రంగును మాత్రమే గమనించండి. మీకు కావలసిన ఇస్పేటు 5, 8 నాలుగింటిలో రెండు పడిపోయాయని తెలిస్తే ఆ జత విలువ సగానికి తగ్గిందని తెలుస్తుంది, పట్టుకోవాలా వదలాలా అన్నది తేలికవుతుంది. ఒక రంగు అలవాటయ్యాక రెండో రంగు దానంతట అదే వస్తుంది.

ఉచిత ఆటలు అందించే యాప్‌లు ఇప్పటికీ ఉన్నాయి. తిరిగి డబ్బు రాని ఆటలను కొత్త చట్టం నిషేధించలేదు. వేళ్లకు అలవాటు కావడానికి, ముక్కలు త్వరగా సర్దుకోవడానికి అవి పనికొస్తాయి. కానీ అక్కడ పోయేది ఏమీ లేదు కాబట్టి ఎవరూ డ్రాప్ చేయరు, ఎంత చెత్త చేయినైనా చివరిదాకా ఆడతారు. అందువల్ల అక్కడ వచ్చే గెలుపులను మీ ప్రగతిగా లెక్కించవద్దు. ఓడిన ఆటల్లో సగటున ఎన్ని పాయింట్లు ఇచ్చారో రాసుకోండి. ఆ సంఖ్య నెలనెలా తగ్గుతుంటే మీరు నేర్చుకుంటున్నట్లు. గెలుపుల సంఖ్య ముక్కల మీద ఆధారపడుతుంది, ఓటమిలో ఇచ్చే పాయింట్లు ఎక్కువగా మీ మీదే ఆధారపడతాయి.

మీకు వచ్చిన ఆ ఏపీకే గురించి కొంత చెప్పాలి. అధికారిక స్టోరులో లేని, ఏ దేశంలో నడుస్తుందో తెలియని బల్ల మీద ముక్కలు ఎవరు కలుపుతున్నారో, ఎదురుగా ఉన్నది మనిషో ప్రోగ్రామో, నలుగురు "ఆటగాళ్లు" ఒకే గదిలో కూర్చుని ఒకరి ముక్కలు ఒకరు చూసుకుంటున్నారో తెలుసుకునే మార్గం లేదు. పై లెక్కలన్నీ ముక్కలు నిజాయితీగా కలుస్తాయన్న నమ్మకం మీద వేసినవి, ఆ నమ్మకం లేనిచోట నైపుణ్యం అన్న మాటకే అర్థం లేదు. ఇటువంటి యాప్‌లకు డబ్బు సాధారణంగా ఎవరెవరి వ్యక్తిగత ఖాతాలకో యూపీఐ ద్వారా వెళుతుంది, గెలిచిన డబ్బు కూడా అలాంటి ఖాతాల నుంచే వస్తుంది. మా బంధువుల అబ్బాయికి చిన్న మొత్తం అలా వచ్చింది. పంపిన ఖాతా వేరే రాష్ట్రంలో సైబర్ మోసం కేసులో ఉండటంతో ఆ అబ్బాయి జీతం ఖాతాను కూడా స్తంభింపజేశారు. తనకు ఆ మోసంతో సంబంధం లేదని నిరూపించుకోవడానికి, ఆ డబ్బు ఎందుకు వచ్చిందో చెప్పాల్సి వచ్చింది. అంటే నిషేధించిన ఆట ఆడానని రాసివ్వాల్సి వచ్చింది. వీపీఎన్ (ఫోను ఏ చోట ఉందో దాచే సాధనం) పెట్టుకుంటే ఎవరికీ తెలియదని చెప్పేవారు కూడా ఉన్నారు. చట్టబద్ధంగా నడిచిన రోజుల్లోనే, తెలంగాణ నుంచో ఆంధ్ర నుంచో చోటు మార్చి చూపించి ఆడిన ఖాతాలను సంస్థలు తమ నిబంధనల ప్రకారం మూసేసి డబ్బు నిలిపివేసేవి. ఇప్పుడు ఆ నిబంధనల పుస్తకం కూడా లేదు, ఫిర్యాదు చేయడానికి ఎదురుగా సంస్థ కూడా లేదు.

మీరు ఇప్పటికే అందులో డబ్బు వేసి ఉంటే, "మిగిలింది తీసుకోవాలంటే ఇంకొంత జమ చేయండి" అన్న సందేశానికి లొంగకండి, వచ్చే ప్రతి సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసి, 1930 సైబర్ నేరాల సహాయ నంబరుకు వీలైనంత త్వరగా ఫోను చేయండి. మీకో మీ స్నేహితుడికో ఆడకుండా ఉండలేని స్థితి వచ్చి ఉంటే, అప్పు చేసి ఆడుతున్నా, ఇంట్లో దాచిపెడుతున్నా, దానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడతారు, రుసుము లేదు.

చివరగా, మీరు ప్రశ్న కింద రాసిన చిన్న సందేహం: పండుగకు ఇంట్లో పాయింటుకు రూపాయి చొప్పున ఆడటం కూడా తప్పేనా అని. తెలంగాణలో నైపుణ్యపు మినహాయింపు పోయింది కాబట్టి, చిన్న పందెమైనా క్షేమమని నేను రాతపూర్వకంగా చెప్పను. మా ఇంట్లో పందెం లేకుండా ఆడతాం, అయినా ఆటలో పదును తగ్గదు, ఎందుకంటే పాయింట్లను సరిగ్గా రాస్తాం. 201 పూల్ పెట్టుకోండి. మొదటి డ్రాప్‌కు 25, మధ్య డ్రాప్‌కు 50, ఓడినవారికి చేతిలో ఉన్నంత, 201 దాటినవారు బయటికి. తలా ఇరవై చింతపిక్కలు పంచి, ప్రతి పూల్‌కు అయిదు పిక్కలు మధ్యలో పెట్టించి, చివరిదాకా నిలిచినవారికి అవన్నీ ఇవ్వండి. ఏడాది పొడవునా ఒకే నోటుపుస్తకంలో పేర్లు, పాయింట్లు రాస్తే, పెద్దవాళ్లలో ఎవరు నిజంగా మంచి ఆటగాళ్లో వచ్చే సంక్రాంతి నాటికి మీకే తెలుస్తుంది. వాళ్ల పక్కన, వాళ్లు పడేసే ముక్క మీకు అందే వైపు, కూర్చుని నేర్చుకోండి.